కౌలాలంపూర్‌లో పది గంటల లేఓవర్: ఊరు చూసి, విమానం తప్పకుండా అందుకోవడం ఎలా?

మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళు, చదువుకి వెళ్ళే కుర్రవాళ్ళు, బాలీ చూడ్డానికి వెళ్ళే కొత్త జంటలు నన్ను అడిగేది ఒకటే. "కౌలాలంపూర్‌లో పది గంటలు ఆగాలట. బయటికెళ్ళి ఆ జంట టవర్లు చూసి రావచ్చా? విమానం పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది." విశాఖపట్నం నుంచి 2024లో నేరుగా విమానం మొదలయ్యాక ఉత్తరాంధ్ర బంధువులూ ఇదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

వెళ్ళి రావచ్చు, నిశ్చింతగా. కాకపోతే ఊళ్ళో ఏం చూడాలో అనుకోవడానికి ముందు, ఎన్నింటికి వెనక్కి తిరగాలో తేల్చుకోవాలి. ఆ ఒక్క టైమ్ కాగితం మీద రాసుకున్నవాళ్ళకి విమానం తప్పడం నేను చూడలేదు.

ముందు ఈ లెక్క వేయండి

టికెట్ మీద కనిపించే పది గంటలూ మీ చేతికి రావు. ఎయిర్‌పోర్టు ఊరికి 50 కిలోమీటర్ల పైగా దూరంలో, సెపాంగ్ అనే చోట ఉంది. అందుకని ముందే ఇవి తీసేయాలి:

- విమానం దిగి, ఇమిగ్రేషన్ దాటి బయటపడడానికి గంటన్నర
- రైలు కోసం ఆగడం, రైల్లో ఊరు చేరడం కలిపి గంట
- తిరుగు రైలుకి ఇంకో గంట
- విమానం బయలుదేరే టైమ్‌కి రెండున్నర గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండడం

మొత్తం ఆరు గంటలు పోయాయి. లేఓవర్ 8 గంటలైతే ఊళ్ళో మీకు దక్కేది 2 గంటలు, 10 అయితే 4, 12 అయితే 6. ఎనిమిది కంటే తక్కువుంటే ఊళ్ళోకి వెళ్ళవద్దు. అలాంటివాళ్ళకి వేరే దారి చివర్లో చెప్పాను.

ఈ గంటలు పగటిపూటవి అయి ఉండాలి. రాత్రి 11కి దిగి ఉదయం 9కి మళ్ళీ ఎక్కేవాళ్ళకి అంకెల్లో పది గంటలున్నా ఊళ్ళో చూసేదేమీ ఉండదు. రైళ్ళు కూడా అర్ధరాత్రి దాటాక ఆగిపోయి, ఉదయం 5 గంటల ప్రాంతంలో మొదలవుతాయి. వాళ్ళు హాయిగా నిద్రపోవడమే మేలు.

కావలసినవి

- ఇంకా కనీసం ఆరు నెలలు గడువున్న పాస్‌పోర్టు.
- వీసా అవసరం లేదు. 2023 డిసెంబర్ 1 నుంచి భారతీయులకి 30 రోజుల వరకు వీసా లేకుండా ప్రవేశం ఇస్తున్నారు. దాన్ని 2026 డిసెంబర్ 31 దాకా పొడిగించారు. ఆ తర్వాత వెళ్ళేవాళ్ళు టికెట్ కొనేముందే రూల్ చూసుకోండి.
- ఎండీఏసీ, అంటే మలేషియా డిజిటల్ అరైవల్ కార్డు. రెండో మెట్టులో వివరంగా చెప్తాను.
- తర్వాతి విమానం బోర్డింగ్ పాస్ కాగితం మీద. ఫోన్‌లో ఉన్నా సరే, ఒక ప్రింట్ దగ్గర పెట్టుకోండి.
- విదేశాల్లో పనిచేసే డెబిట్ లేదా క్రెడిట్ కార్డు. బ్యాంకు యాప్‌లో 'అంతర్జాతీయ లావాదేవీలు' అన్న మీట ఇండియాలో ఉండగానే ఆన్ చేయండి.
- మనిషికి 70, 80 రింగిట్‌ల నగదు. ఒక రింగిట్ మన డబ్బుల్లో 20 రూపాయల పైచిలుకు. రైలు టికెట్ కార్డుతో కొనుక్కోవచ్చు, మిగతావాటికి ఈ నగదు సరిపోతుంది.
- ఫోన్‌కి రోమింగ్ ప్యాక్ లేదా ఈ-సిమ్.
- గ్రాబ్ యాప్. అక్కడ మన ఓలా, ఊబర్‌ల పని చేసేది ఇదే. దీన్ని ఇంట్లోనే పెట్టుకుని, నంబరుకి వచ్చే ఓటీపీ కొట్టి సిద్ధం చేసుకోండి. అక్కడ దిగాక మన సిమ్‌కి ఓటీపీ రాక ఇబ్బంది పడ్డవాళ్ళు చాలామంది.
- మడత గొడుగు, పలచని శాలువా, నడవడానికి అలవాటైన చెప్పులు. అక్కడ ఏడాది పొడవునా ఉక్కపోతే. మధ్యాహ్నం తర్వాత ఉరుములతో వాన దంచి కొట్టడం మామూలు.
- ఛార్జర్‌కి బ్రిటిష్ తరహా మూడు చదును పిన్నుల అడాప్టర్. మన గుండ్రటి పిన్నులు అక్కడి ప్లగ్గుల్లో దూరవు.

1. మీ టికెట్ ఒకటా, రెండా?

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే, దాదాపు అందరూ మర్చిపోయేదీ ఇదే. హైదరాబాద్ నుంచి మెల్‌బోర్న్ దాకా ఒకే బుకింగ్ అయితే సాధారణంగా పెద్ద సూట్‌కేసులు నేరుగా అక్కడికే వెళ్ళిపోతాయి. మీరు చేతి సంచితో ఊళ్ళోకి వెళ్ళవచ్చు. రెండు వేర్వేరు టికెట్లు కొనుక్కుని ఉంటే కౌలాలంపూర్‌లో సామాను మీరే తీసుకోవాలి, మళ్ళీ చెకిన్ చేయాలి. అప్పుడు మీ లెక్కలోంచి ఇంకో గంటన్నర తీసేయండి.

ఎలా సరిచూసుకోవాలి: హైదరాబాద్‌లో సూట్‌కేసుకి కట్టే ట్యాగు మీద చివరి ఊరి మూడక్షరాల కోడ్ పెద్దగా ఉంటుంది. మెల్‌బోర్న్ అయితే ఎం-ఈ-ఎల్, సిడ్నీ అయితే ఎస్-వై-డీ. అక్కడ కే-యూ-ఎల్ అని మాత్రమే ఉంటే మీ సామాను కౌలాలంపూర్‌లోనే దిగుతుంది. కౌంటర్ దగ్గర ఉండగానే చూసుకుని, అక్కడే అడగండి. రెండో బోర్డింగ్ పాస్ కూడా అప్పుడే ఇమ్మనండి.

2. ఎండీఏసీ నింపండి

ఎయిర్‌పోర్టు లోపలే కూర్చుని విమానం మారేవాళ్ళకి ఇది అక్కర్లేదు. ఇమిగ్రేషన్ దాటి బయటికి వెళ్ళాలంటే తప్పనిసరి. చేరే తేదీకి మూడు రోజుల లోపే నింపాలి. వారం ముందు ప్రయత్నిస్తే తీసుకోదు.

ఇది పూర్తిగా ఉచితం. గూగుల్‌లో వెతికితే డబ్బులడిగే సైట్లు పైన కనిపిస్తాయి, వాటి జోలికి పోవద్దు. మలేషియా ఇమిగ్రేషన్ శాఖ సొంత సైట్ చిరునామాలో 'గవ్ డాట్ ఎంవై' అని ఉంటుంది. అందులోనే నింపండి. ఇంట్లో నలుగురు వెళ్తుంటే నలుగురికీ నాలుగు, చంటిపిల్లతో సహా.

బస ఎక్కడ అని అడిగే గడి దగ్గర చాలామంది ఆగిపోతారు. ఆ గడిలో మీరు ట్రాన్సిట్‌లో ఉన్నట్టు తెలిసేలా రాయండి. అధికారి అడిగితే అదే రోజు సాయంత్రం విమానం ఉందని బోర్డింగ్ పాస్ చూపించండి.

ఎలా సరిచూసుకోవాలి: నింపాక ఈమెయిల్ వస్తుంది. అందులో పాస్‌పోర్టు నంబరు ఒక్కో అక్షరం కలిపి చూడండి. తేదీ దగ్గర ఇంకో జాగ్రత్త. అర్ధరాత్రి 12 దాటాక ఎక్కే విమానమైతే, చేరే తేదీ మీరు ఇంట్లో అనుకుంటున్న తేదీకి మర్నాడు అవుతుంది. ఈ తేదీ తప్పు చాలామంది చేస్తారు.

3. దిగగానే మూడు పనులు

సీటు బెల్టు తీసేలోపే ఇవి చేయండి.

గడియారం రెండున్నర గంటలు ముందుకి తిప్పండి. ఫోన్ దానంతట అదే మారుతుంది, చేతి వాచీ మారదు. నాన్నగారి వాచీ చూసుకుని "ఇంకా బోలెడు టైముంది" అనుకుంటే చాలు, విమానం పోవడానికి.

తర్వాతి విమానం ఏ టెర్మినల్ నుంచో చూడండి. మలేషియా ఎయిర్‌లైన్స్ మొదటి టెర్మినల్, ఎయిర్‌ఏషియా రెండో టెర్మినల్. రెండూ వేర్వేరు భవనాలు, నడిచి వెళ్ళే దూరం కాదు. రైల్లో మూడు నిమిషాలు. ఉచిత బస్సు కూడా ఉంది, కాకపోతే ఆలస్యం.

ఇప్పుడు వెనక్కి తిరిగే టైమ్ రాసుకోండి. ఉదాహరణకి ఉదయం 7కి దిగారు, సాయంత్రం 5కి విమానం. మధ్యాహ్నం రెండున్నరకల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. అంటే ఒంటిగంటన్నరకి ఊళ్ళోని ప్రధాన రైలు స్టేషన్ కేఎల్ సెంట్రల్‌లో ఉండాలి, ఒంటిగంటకి టవర్ల దగ్గర నుంచి కదలాలి. ఫోన్‌లో పన్నెండున్నరకి ఒక అలారం, ఒంటిగంటకి ఒకటి పెట్టండి. మీతో వచ్చినవాళ్ళకి కూడా ఆ టైమ్ చెప్పండి. ఒక్కరికే తెలిస్తే ఆ ఒక్కరు ఫోటోల్లో పడి మర్చిపోవచ్చు.

4. ఇమిగ్రేషన్

బోర్డుల మీద 'ట్రాన్స్‌ఫర్' అన్న బాణం వైపు వెళ్ళకండి. 'అరైవల్' వైపు, మలయ్ భాషలో 'కెతిబాన్' అని రాసి ఉన్నవైపు వెళ్ళాలి. మొదటి టెర్మినల్లో విమానం శాటిలైట్ భవనం దగ్గర ఆగితే, అక్కడి నుంచి ఏరోట్రెయిన్ అనే చిన్న రైల్లో ప్రధాన భవనానికి రావాలి. ఇది రెండేళ్ళకి పైగా ఆగిపోయి 2025 జూలై 1న మళ్ళీ మొదలైంది.

అధికారి ఎందుకొచ్చారని అడిగితే ఒకే వాక్యం చాలు. "ట్రాన్సిట్‌లో ఉన్నాం, ఊరు చూసి సాయంత్రం విమానంలో వెళ్ళిపోతాం." బోర్డింగ్ పాస్ ప్రింట్ చేతికివ్వండి. పెద్దవాళ్ళకి ఇంగ్లీషు రాకపోయినా ఆ కాగితమే జవాబు చెప్తుంది.

ఒక హద్దు పెట్టుకోండి. క్యూ చాలా పొడవుగా ఉండి, దిగి రెండు గంటలైనా మీరింకా లైన్లోనే ఉన్నారనుకోండి. ఊళ్ళో గడిపే టైమ్‌లోంచే ఆ అరగంట తగ్గించండి. వెనక్కి తిరిగే టైమ్‌ని మాత్రం ఆలస్యం చేయవద్దు.

5. చేతి సామాను ఎక్కడ పెట్టాలి?

ఏడు కిలోల ట్రాలీ ఈడ్చుకుంటూ ఆ ఉక్కలో తిరగడం నరకం. రెండు టెర్మినల్స్‌లోనూ లగేజీ దాచే కౌంటర్లున్నాయి. ఎయిర్‌పోర్టులోనే పెట్టేయండి. ఎలాగూ తిరిగి అక్కడికే వస్తారు. ఏ టెర్మినల్ నుంచి ఎక్కుతారో అక్కడే పెట్టండి. ఒకచోట దాచి ఇంకోచోట విమానం ఎక్కాల్సి వస్తే అరగంట అనవసరంగా పోతుంది. మందులు, పాస్‌పోర్టు, నగలు మాత్రం మీ దగ్గరే ఉండాలి. రశీదుకి ఒక ఫోటో తీసుకోండి.

6. ఊళ్ళోకి: రైలా, కారా?

నేను ఎక్కువగా చెప్పేది కేఎల్‌ఐఏ ఎక్స్‌ప్రెస్ రైలు (కేఎల్‌ఐఏ అంటే కౌలాలంపూర్ ఎయిర్‌పోర్టే). మొదటి టెర్మినల్ నుంచి కేఎల్ సెంట్రల్‌కి 28 నిమిషాలు, రెండో టెర్మినల్ నుంచి 33. టెర్మినల్స్ దాటాక దారిలో ఎక్కడా ఆగదు. పెద్దవాళ్ళకి ఒకవైపు టికెట్ 55 రింగిట్‌లు, పిల్లలకి తక్కువ. గేటు దగ్గర కార్డు ఆనించి కూడా లోపలికి వెళ్ళవచ్చు. ఒక కార్డుతో ఒక్కరే వెళ్ళగలరు కాబట్టి కుటుంబంగా వెళ్ళేవాళ్ళు కౌంటర్లో టికెట్లు తీసుకోండి.

అదే పట్టాల మీద కేఎల్‌ఐఏ ట్రాన్సిట్ అని ఇంకో రైలు తిరుగుతుంది. అది మధ్యలో మూడు చోట్ల ఆగుతుంది. పొరపాటున అది ఎక్కినా కంగారు పడొద్దు, కొన్ని నిమిషాలు ఆలస్యంగా అదే కేఎల్ సెంట్రల్ చేరుస్తుంది.

నలుగురున్న కుటుంబానికి రైలు ఖర్చు ఒకవైపే 220 రింగిట్‌లు. గ్రాబ్ కారు మామూలుగా అందులో సగం కూడా కాదు, తలుపు దగ్గర దింపుతుంది. ట్రాఫిక్ లేకపోతే గంట. అందుకని నలుగురైతే వెళ్ళేటప్పుడు కారు, వచ్చేటప్పుడు రైలు అని చెప్తాను. వెళ్ళేటప్పుడు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఒక చోటు చూడడం తగ్గుతుంది, అంతే. వచ్చేటప్పుడు ఇరుక్కుంటే విమానమే పోతుంది.

అనుభవం మీదే చెప్తున్నాను. ఒకసారి మా అత్తయ్యగారు, మామయ్యగార్లతో సాయంత్రం నాలుగున్నరకి టవర్ల దగ్గర కారెక్కాను. పావుగంటలో వాన మొదలైంది. ఆఫీసులు వదిలే వేళ కూడా కావడంతో రోడ్డంతా నిలిచిపోయింది. గంట పడుతుందన్న ప్రయాణం రెండు గంటలు దాటింది. మోకాళ్ళ నొప్పితో మామయ్యగారు గేటు దాకా పరుగులాంటి నడక నడిచారు. విమానం దొరికింది కానీ ఆయన ముఖం చూసి నాకు చాలా బాధేసింది. అప్పటి నుంచి తిరుగు ప్రయాణం రైల్లోనే.

బస్సులు కూడా ఉన్నాయి, చవక. గంటకి పైగా పడుతుంది. 12 గంటల లేఓవర్ ఉన్న విద్యార్థులకి బావుంటుంది.

7. ఊళ్ళో ఏం చూడాలి?

మీకు దక్కిన గంటల్ని బట్టి ఒక్క వరుస ఎంచుకోండి. రెండింటిని కలిపే ప్రయత్నం చేయకండి.

*రెండు గంటలుంటే: టవర్లు మాత్రమే*

కేఎల్ సెంట్రల్ నుంచి కెలానా జయ లైన్ ఎల్‌ఆర్‌టీ, అంటే మన మెట్రో లాంటి రైలు, ఎక్కండి. 'గొంబాక్' వైపు వెళ్ళే బండి. ఐదో స్టేషన్ కేఎల్‌సీసీ, పావుగంట ప్రయాణం. మెషీన్‌లో డబ్బులు వేస్తే నీలం రంగు ప్లాస్టిక్ బిళ్ళ వస్తుంది, అదే టికెట్. లోపలికి వెళ్ళేటప్పుడు ఆనించాలి, బయటికొచ్చేటప్పుడు కన్నంలో వేయాలి. పారేసుకోకండి. మెషీన్ పెద్ద నోట్లు తీసుకోదు, చిన్న నోట్లు ఉంచుకోండి.

పెట్రోనాస్ టవర్లు 452 మీటర్ల ఎత్తు, 88 అంతస్తులు. 41, 42 అంతస్తుల దగ్గర రెండిటినీ కలిపే వంతెన ఉంటుంది. మెడ వెనక్కి వాల్చి కిందనుంచి చూసినప్పుడు కలిగే ఆ అనుభూతికి టికెట్ అక్కర్లేదు. పైకెక్కాలంటే ముందే టైమ్ స్లాట్ కొనాలి, సోమవారాలు సెలవు. రెండు, నాలుగు గంటలవాళ్ళకి పైకెక్కడం వద్దనే చెప్తాను. ఫోటోకి ముందువైపు ఫౌంటెన్ దగ్గర బాగుంటుంది కానీ టవర్లు ఫ్రేములో పట్టవు. వెనకవైపు కేఎల్‌సీసీ పార్కులో చెరువు అవతలికి నడవండి. నీడ ఉంటుంది, టవర్లు మొత్తం వస్తాయి, పెద్దవాళ్ళు కూర్చోవడానికి బల్లలుంటాయి. ఉదయం పదింటి లోపు కింద ఉన్న సురియా మాల్ తెరవరు, ఆ టైమ్‌లో పార్కే మీ చోటు.

*నాలుగు గంటలుంటే: పాత ఊరు, తర్వాత టవర్లు*

నాకు అన్నిటికంటే ఇష్టమైన వరుస ఇది. అదే లైన్లో రెండో స్టేషన్ మస్జిద్ జామెక్‌లో దిగండి. క్లాంగ్, గొంబాక్ అనే రెండు నదులు అక్కడ కలుస్తాయి. కౌలాలంపూర్ అంటే బురద నీళ్ళ సంగమం అని అర్థం, ఊరు పుట్టింది ఆ చోటే. సంగమం మధ్యలో ఎరుపు తెలుపు ఇటుకల మసీదు 1909 నాటిది. శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థనల వేళ లోపలికి వదలరు, ఏటి గట్టు నుంచి చూడవచ్చు.

అక్కడి నుంచి ఐదారు నిమిషాలు నడిస్తే గడియారపు గోపురంతో సుల్తాన్ అబ్దుల్ సమద్ భవనం, 1897లో పూర్తయింది. దాని ఎదురుగా పచ్చటి మైదానం మెర్దెకా స్క్వేర్. 1957 ఆగస్టు 31న బ్రిటిష్ జెండా దిగి మలయా జెండా ఎగిరింది ఇక్కడే. ఎండలో మైదానం మొత్తం చుట్టకండి, ఒక అంచున నిలబడి చూస్తే చాలు.

దక్షిణంగా పది నిమిషాలు నడిస్తే సెంట్రల్ మార్కెట్. లోపల ఏసీ ఉంటుంది, బాతిక్ బట్టలు, చిన్న బహుమతులు దొరుకుతాయి. దాని వెనక వీధుల్లోనే పెటాలింగ్ స్ట్రీట్, చైనా వాళ్ళ బజారు. ఆ పక్కనే శ్రీ మహామారియమ్మన్ గుడి. 1873లో తంబుసామి పిళ్ళై కట్టించిన గుడి ఇది. ఐదంతస్తుల గోపురం చూడగానే మనవాళ్ళ ముఖాలు విప్పారతాయి. సుబ్రహ్మణ్యస్వామి పండగైన తైపూసంకి వెండి రథం బతు గుహలకి బయలుదేరేది ఇక్కడి నుంచే. దర్శనం చేసుకుని పసార్ సెని స్టేషన్లో ఎక్కితే నాలుగో స్టేషన్ కేఎల్‌సీసీ. టవర్ల దగ్గర ముప్పావుగంట, తర్వాత వెనక్కి.

*ఆరు గంటలుంటే: బతు గుహలు*

పెద్దవాళ్ళతో వెళ్తున్నవాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే. కేఎల్ సెంట్రల్ నుంచి కేటీఎం కొమ్యూటర్ రైల్లో అరగంట పైన. టికెట్ చాలా చవక. రైళ్ళు మాత్రం తరచుగా ఉండవు. అందుకే గుహల స్టేషన్లో దిగగానే గోడ మీది టైమ్‌టేబుల్‌కి ఫోటో తీసి, ఏ బండికి తిరిగెళ్ళాలో అప్పుడే తేల్చుకోండి. ఒక బండి తప్పితే వాన లేని వేళ గ్రాబ్ పిలవండి.

గుహ ముందు 42.7 మీటర్ల బంగారు రంగు సుబ్రహ్మణ్యస్వామి 2006 నుంచి నిలబడి ఉన్నాడు. పక్కన 272 మెట్లు, 2018లో రంగులేశారు. ఉదయం తొమ్మిది లోపు ఎక్కగలిగితే ఎండ తగలదు. మోకాళ్ళు కనిపించే బట్టలతో పైకి పంపరు, కింద శాలువాలు అద్దెకిస్తారు, మీది ఉంటే ఆ ఖర్చు ఉండదు. కోతులు మహా చురుకైనవి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అరటిపండు, నీళ్ళ సీసా కనపడితే లాక్కుంటాయి. అన్నీ సంచిలో పెట్టి జిప్ వేయండి.

మెట్లెక్కలేనివాళ్ళని బాధపెట్టకండి. స్టేషన్ బయటే 15 మీటర్ల ఆంజనేయస్వామి, పక్కన రామాయణ గుహ. వాళ్ళు అక్కడ కూర్చుని దండం పెట్టుకుంటే ఆ తృప్తి వేరు. ఆరు గంటల్లో గుహలకి నాలుగు, టవర్లకి ఒకటిన్నర. మూడో చోటు వద్దు.

8. తిండి

శాకాహారులకి ఇక్కడ నిజంగా జాగ్రత్త కావాలి. అందరూ తినమని చెప్పే 'నాసి లెమాక్', కొబ్బరిపాలలో వండిన అన్నం, చూడ్డానికి శాకాహారమే. దాని పక్కన పెట్టే సంబల్ కారంలోనూ, మీద చల్లే వేపుడులోనూ ఎండు నెత్తళ్ళుంటాయి. 'రోటి చనాయ్' మన పరోటాకి చుట్టం. పప్పుతో ఇస్తారు కానీ కొన్ని చోట్ల ఆ పప్పులో చేపల పులుసు కలుపుతారు. ముందే అడగండి. అయమ్ అంటే కోడి, ఇకన్ చేప, దాగింగ్ మామూలుగా గొడ్డుమాంసం, తెలూర్ గుడ్డు, సయూర్ కూరగాయలు. ఈ ఐదు మాటలు గుర్తుంటే చాలు.

భయం లేకుండా తినాలంటే కేఎల్ సెంట్రల్‌కి నడిచే దూరంలోనే బ్రిక్‌ఫీల్డ్స్ ఉంది. అరిటాకు భోజనం, ఇడ్లీ, దోసె దొరికే శాకాహార హోటళ్ళున్నాయి. తమిళం వస్తే ఇంకా సులువు. ఆ దేశంలో తెలుగువాళ్ళూ ఉన్నారు, శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి తోటల్లో పనికి వెళ్ళినవాళ్ళ మనవలు, మునిమనవలు. తిరుగు రైలుకి ముందు ఇక్కడ అరగంటలో భోజనం ముగించడం మంచి పద్ధతి, స్టేషన్ దగ్గర్లోనే ఉంటారు కాబట్టి. భోజనం తర్వాత 'తే తారిక్', ఎత్తునుంచి పోసి నురగ తెప్పించే పాల టీ, ఒక్కటైనా తాగండి.

9. తిరుగు ప్రయాణం

అలారం మోగితే లేచి నడవండి. "ఇంకో పది నిమిషాలు" అనేది ఇంట్లో ఎవరో ఒకరు అంటారు, ఒప్పుకోవద్దు.

ఊరి నుంచి వెళ్ళే రైలు ముందు మొదటి టెర్మినల్లో ఆగుతుంది, తర్వాత రెండో టెర్మినల్‌కి వెళ్తుంది. అందరూ దిగుతున్నారని మీరూ దిగకండి. ఎయిర్‌ఏషియా ఎక్కేవాళ్ళు రెండో స్టాపు దాకా కూర్చోవాలి. తప్పుగా దిగితే కంగారు లేకుండా అదే ప్లాట్‌ఫాం మీద తర్వాతి బండి ఎక్కండి.

దాచిన సామాను తీసుకోండి. విమానం వివరాలు చూపే తెర మీద గేటు నంబరు మళ్ళీ చూడండి. ఉదయం ప్రింట్‌లో ఉన్నది మారి ఉండవచ్చు. మొదటి టెర్మినల్లో సీ అక్షరంతో మొదలయ్యే గేట్లు శాటిలైట్ భవనంలో ఉంటాయి, ఇరవై నిమిషాలు అదనంగా ఉంచుకోండి. గేటు దగ్గర మళ్ళీ తనిఖీ ఉండవచ్చు కాబట్టి నీళ్ళ సీసా ఖాళీ చేసి ఉంచండి. ఇక్కడ ఎవరైనా "ఈ పొట్లం మా అబ్బాయికి ఇస్తారా" అని అడిగితే ఎంత మంచివాళ్ళలా ఉన్నా తీసుకోకండి. మాదకద్రవ్యాలకి ఆ దేశంలో శిక్షలు అత్యంత కఠినం.

గేటు మీ కళ్ళకి కనిపించాకే షాపింగ్.

ఎనిమిది గంటలు లేనివాళ్ళకి

ఏడు గంటలుంటే పుత్రజయ చూడండి. మలేషియా ప్రభుత్వ కార్యాలయాల కోసం కట్టిన కొత్త నగరం, ఎయిర్‌పోర్టుకీ ఊరికీ మధ్యలో ఉంటుంది. కేఎల్‌ఐఏ ట్రాన్సిట్ రైల్లో ఇరవై నిమిషాలు, అక్కడి నుంచి గ్రాబ్‌లో చెరువు ఒడ్డున ఉన్న గులాబీ రంగు పుత్ర మసీదుకి. ఆడవాళ్ళకి అంగీలు అక్కడే ఇస్తారు. గంటసేపు చెరువు గట్టున కూర్చుని వెనక్కి వచ్చేయండి. జనం తక్కువ, పెద్దవాళ్ళకి హాయిగా ఉంటుంది.

అంతకంటే తక్కువుంటే లోపలే ఉండండి. మొదటి టెర్మినల్ శాటిలైట్ భవనం నడుమ నిజమైన అడవి చెట్ల మధ్య నడిచే చిన్న బాట ఉంది. రెండో టెర్మినల్‌ని ఆనుకుని పెద్ద మాల్, గంటల లెక్కన అద్దెకిచ్చే క్యాప్సూల్ గదులు ఉన్నాయి. రాత్రి లేఓవర్ వాళ్ళకి ఆ గదులే దిక్కు.

ఆలస్యమైపోయిందని అర్థమైతే

రైల్లోంచే విమాన సంస్థ యాప్ తెరిచి ఆన్‌లైన్ చెకిన్ అయిందో లేదో చూడండి, కాకపోతే అప్పుడే చేయండి. దాచిన సామాను కౌంటర్ దగ్గరికి ఒకరు వెళ్ళండి, మిగతావాళ్ళు నేరుగా ఇమిగ్రేషన్ క్యూలో నిలబడండి. క్యూ మొదట్లో ఉన్న సిబ్బందికి బోర్డింగ్ పాస్ చూపించి, ఎక్కే టైమ్ వేలుతో చూపించి అడగండి, చాలాసార్లు ముందుకి పంపిస్తారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే టికెట్ కొన్నప్పుడే వీల్‌చైర్ అడిగి పెట్టుకోండి. సహాయకుడు వాళ్ళని వేరే వరుసలో గేటు దాకా తీసుకెళ్తాడు.